ఆ కాలరు మురికి ఎవరు వదిలించారు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివి కొన్నాళ్ళు పక్కన పెట్టాను. మధ్యలో ఒకచోట నువ్వు రాసిన రెండు వాక్యాలు నన్ను వదల్లేదు. చివర్లో చేసిన పనికి ఒళ్ళు మండింది. రెండూ రాసింది ఒకే మనిషా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. జవాబు ఆలస్యమైంది అందుకే.

ముందు ఆ రెండు వాక్యాలు. సింగపూర్‌లో తప్పనిసరి సైనిక సేవ, టెకాంగ్ దీవిలో శిక్షణ మొదలై రెండో వారం. ఇంకా ఇంటికి వదలరు. నీ కుర్రాడు బాత్రూంలో నిలబడి యూనిఫాం ఉతుక్కుంటున్నాడు. "కాలరు ఎంత రుద్దినా మట్టి వదల్లేదు. ఇంట్లో ఇది ఎలా వదిలేదో నాకు తెలీదు." ఇంతే రాసి ముందుకెళ్ళిపోయావు. తర్వాతి పేరాలో ఫైరింగ్ రేంజి, సార్ 21 రైఫిలు, భుజం నొప్పి. నేను మాత్రం ఆ కాలరు దగ్గరే ఆగిపోయాను. గారాబంగా పెరిగిన మగపిల్లల మీద తెలుగులో బోలెడు కథలు చదివాను. వాళ్ళలో ఒక్కడికీ ఈ అనుమానం రాలేదు. ఐదో తరగతిలో విజయవాడ నుంచి వచ్చేసి, ఇక్కడి బళ్ళో తెలుగన్నదే లేకపోయినా, ఇంత మాట రాయగలిగావు. మెచ్చుకోలు ఇక చాలు.

ఇప్పుడు కోపం సంగతి. కథ చివర ఫీల్డ్ క్యాంపు అయ్యాక నడకలో నీ కుర్రాడికి జోడీగా ఉన్న తోటి సైనికుడు కుప్పకూలి చనిపోతాడు. ఆ శవాన్ని చూసి నీవాడు "మనిషి" అవుతాడు. ఎందుకు చంపావు ఆ పిల్లాణ్ణి? మూడు పేజీలుగా అతనికి నువ్విచ్చింది ఒక నవ్వు, ఒక బిస్కెట్ పొట్లం. నీ హీరో ఎదగడానికి ఒక మెట్టు కావలసి వచ్చింది, అతన్ని అక్కడ పడుకోబెట్టావు. 2018 ఏప్రిల్‌లో వేగపు నడక తర్వాత ఎండదెబ్బ తగిలి ఒక కుర్రాడు నిజంగానే పోయాడు. 2019 జనవరిలో న్యూజిలాండ్‌లో శిక్షణకు వెళ్ళిన ఇంకొకతను గాయపడి పోయాడు. అప్పుడు సైన్యం మొత్తంలో శిక్షణ వేగం తగ్గించారు. ఆ నెలల్లో ఈ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళ కొడుకున్న ఏ తల్లికీ నిద్ర లేదు. అలాంటి చావును రాయాలనుకుంటే, దాని కోసమే ఒక కథ రాయి. ఆ పిల్లాడి ఇంట్లోంచి రాయి. ఇంకొకడికి బుద్ధి రావడానికి దాన్ని వాడకు.

అసలు నీకు ఆ చావుతో పనేముంది? నువ్వు రాస్తున్నది యుద్ధం లేని సైన్యం గురించి. 1967లో తప్పనిసరి సైనిక సేవ చట్టం వచ్చింది మొదలు ఇక్కడి మగపిల్లలు తరాల తరబడి వెళ్ళారు, వచ్చారు. 2004 దాకా హోదాను బట్టి రెండేళ్ళో రెండున్నరేళ్ళో, ఆ తర్వాత రెండేళ్ళు. శత్రువు ముఖం చూడకుండానే దాదాపు అందరూ ఇంటికొచ్చారు. ఆ రెండేళ్ళలో వాళ్ళేం చేశారు? తుడిచారు, కడిగారు, మడిచారు, మోశారు, వరసలో నిలబడ్డారు, వేచి ఉన్నారు. పొద్దున లేస్తే ఏరియా క్లీనింగు. దుప్పటి ముడత పడకూడదు, బూటు కింద మట్టి ఉండకూడదు, రైఫిలు గొట్టంలో నలక ఉండకూడదు. ఒకడి బీరువా తాళం తెరిచి ఉంటే సెక్షనంతా నేల మీద చేతులానించి దండీలు తీయాలి. ఇదంతా నువ్వు అనుభవించి వచ్చావు. కథలో దానికి ఒక్క పేరా ఇచ్చావు, అదీ నవ్వించడానికి. నీ కథ అక్కడుంది బాబూ.

గారాబం అంటే ఏమిటని నువ్వు అనుకుంటున్నావో మొదటి ఐదు పేజీల్లో తెలుస్తోంది. ఖరీదైన కంప్యూటరు, కాండో అపార్టుమెంట్లలో ఈతకొలను, అర్ధరాత్రి టాక్సీలు, అమ్మ మీద అరుపులు. ఇవి డబ్బు గుర్తులు. డబ్బున్న ఇంట్లో వినయంగా పెరిగినవాళ్ళున్నారు, లేని ఇంట్లో యువరాజులున్నారు. మా ఊళ్ళో, కృష్ణా జిల్లాలో, మా అన్నయ్య తిన్న కంచం ఎత్తి ఎరగడు. రెండెకరాల పొలమున్న ఇల్లు మాది. ఏం డబ్బుందని? వాడు చెయ్యి కడుక్కుని లేస్తే కంచం దానంతటదే మాయమయ్యేది. పొద్దున్నకి తోమి, బోర్లించి ఉండేది. మధ్యలో ఎవరో ఒకరు, అమ్మో నేనో, పెరట్లో బూడిదతో కూర్చున్నామన్నది వాడి బుర్రకెక్కలేదు. నేను గారాబం అనేది దాన్ని. మన కోసం ఇంకొకరు చేస్తున్న పని కంటికి ఆనకపోవడం. ఎదగడమంటే అది కంటపడటమే. నలభై ఏళ్ళుగా నా కథలన్నింట్లో నేను చెబుతున్నది ఇదొక్కటే, నీకూ ఇదే చెబుతాను.

అందుకే ఆ కాలరు దగ్గర ఆగాను. నీ కుర్రాడికి ఆ క్షణంలో కనపడాల్సిన మనిషి ఒకామె ఉంది, ఆ ఇంట్లో పనిచేసే ఆమె. ఆమె నీ కథలో రెండుసార్లు వస్తుంది. ఒకసారి బూట్లు తెచ్చి ఇస్తుంది, ఒకసారి తలుపు తీస్తుంది. జావా నుంచి వచ్చిందని మాత్రం రాశావు. పేరు లేదు. ఏళ్ళ తరబడి వాడి చొక్కాలు ఉతికిన చేతులకు పేరు లేదు, మూడు పేజీలు బతికిన జోడీకి మాత్రం పేరుంది.

2011లో ఒక ఫొటో ఇంటర్నెట్‌లో తిరిగింది. నువ్వప్పుడు బాగా చిన్నవాడివి. యూనిఫాంలో ఉన్న సైనికుడు చేతులూపుకుంటూ ముందు నడుస్తున్నాడు, వెనకాల పనమ్మాయి వాడి సైనికుల సంచీ వీపున మోస్తూ వస్తోంది. ఊరంతా గగ్గోలు. మన సైనికులు ఇంత సుకుమారులా, వీళ్ళా దేశాన్ని కాపాడేది అని. నేను చదివిన వాటిల్లో దేంట్లోనూ ఆ సంచీ ఎంత బరువుందో, ఆమె ఎంత దూరం మోసిందో, ఆ రోజు తెల్లవారి ఎన్నింటికి లేచిందో అడిగినవాళ్ళు లేరు. అందరికీ కుర్రాడే కావాలి. నీ కథకూ వాడొక్కడే కావాలి. అక్కడే నాకు బాధ.

ఇంతకీ అమ్మను ఎందుకంత దుర్మార్గంగా రాశావు? "అమ్మ చెడగొట్టింది, సైన్యం బాగుచేసింది" అనే మాట మన కథల్లో అరిగిపోయింది. నాన్న నీ కథలో ఒక్క పని చెయ్యడు, పేపరు చదువుతాడు, చివర్లో తెలివైన మాట ఒకటి అంటాడు. ఆ నాన్న కంచం ఎవరు ఎత్తుతున్నారు?

నా సంగతి ఒకటి చెబుతాను. తొంభైల మొదట్లో మావారికి ఇక్కడ షిప్‌యార్డులో ఉద్యోగం వచ్చి వచ్చాం. ఇల్లంతా పడుకున్నాక వంటింటి బల్ల మీద రాసేదాన్ని. కార్బన్ కాపీ ఉంచుకుని అసలుది ఎయిర్ మెయిల్లో పంపేదాన్ని. పెళ్ళింట్లో ఇత్తడి సామాను తోమడానికి వచ్చిన ఒకావిడ మీద ఒక కథ రాశాను. చింతపండు పులుసు, ఇటుక పొడి, పగిలిన గోళ్ళు, గుండిగ లోపల తల దూర్చి తోముతుంటే బయటి సన్నాయి ఎలా వినపడుతుందో, పేజీన్నర. అప్పట్లో బాగా అమ్ముడుపోయే ఒక వారపత్రిక వేసుకుంది. పత్రిక చేతికొచ్చాక చూస్తే ఆ పేజీన్నర లేదు. చివర నేను రాయని కొసమెరుపు ఒకటి ఉంది: పెళ్ళికూతురు ఆవిడ కూతురేనట! ఇదేమిటని రాస్తే, పాఠకులకు అంట్లు అక్కర్లేదు, మలుపు కావాలి అని సంపాదకుడి నుంచి కార్డు ముక్క వచ్చింది. ఆయన పోయారు, పత్రికా పోయింది. నా కోపం పోలేదు. ఆ పేజీన్నర కోసమే నేను ఆ కథ రాశాను. ఈ రోజుకీ పోటీ ప్రకటనలు చూస్తాను కదా, సందేశం ఉండాలి, మలుపు ఉండాలి, ఇన్ని పదాలు మించకూడదు. విదేశాంధ్రులమైతే ఇంకా నయం, ఆవకాయ జాడీ, అమ్మమ్మ ఊరు, విమానాశ్రయంలో కన్నీళ్ళు ఉంటే బహుమతి ఖాయం. నీ కథలో ఆ జోడీ చావు ఇలాంటి పోటీ ప్రకటనల్లోంచే వచ్చిందని నా నమ్మకం. నువ్వు టెకాంగ్‌లో చూసి తెచ్చుకున్నది కాదది.

సార్జెంటు ఉపన్యాసం కూడా తీసేయి. "సైనికుడంటే త్యాగం" అని పేజీ పొడుగునా మాట్లాడతాడు. నీకు తెలియనిదా, ఆ సార్జెంటు వయసు పంతొమ్మిదో ఇరవయ్యో. చాలామంది నీలాగే రెండేళ్ళ కోసం వచ్చినవాళ్ళే. వాళ్ళకీ ఇంటి బెంగ, శనివారం ఎప్పుడొస్తుందా అన్న ఆత్రం. మన తెలుగు పాఠకులకు ఇది కొత్త సంగతి. అక్కడ మిలట్రీ అంటే మీసాల సుబేదారు గుర్తొస్తాడు. తనకంటే ఏడాది పెద్దవాడి ముందు, వాడి మలయ్ ఆజ్ఞలకు, 'సెదియా' అంటే బిగుసుకుని, 'సెనాంగ్ దిరి' అంటే కాళ్ళు సడలించి నిలబడాల్సి రావడం గారాబం బిడ్డకు ఎంత అవమానంగా ఉంటుందో, కొన్ని వారాలకు ఆ అవమానం ఎలా అరిగిపోతుందో, అది రాయి.

పాఠకుల మాట వచ్చింది గనుక ఇది కూడా. "మిలట్రీకి పంపితే తిక్క కుదురుతుంది" అని మన ఊళ్ళల్లో ప్రతి తండ్రీ అంటాడు. అంటాడేగానీ పంపలేడు. అక్కడ సైన్యంలో చేరడం ఇష్టపడ్డవాళ్ళ పని. తెల్లారుజామున రోడ్ల మీద పరుగులు తీసి, పోటీపడి సంపాదించుకునే ఉద్యోగం. మిలటరీ మాధవరంలో ఇంటింటా సైనికులున్నారంటే అది వాళ్ళు గర్వంగా ఎంచుకున్న దారి. ఇక్కడ పౌరుడి కొడుక్కీ, పర్మనెంట్ రెసిడెంట్ కొడుక్కీ ఆ ఎంపిక లేదు. మనలా వలస వచ్చిన ఇళ్ళల్లో తండ్రికి లేని బాధ్యత కొడుకు మీద పడుతుంది. నీ పర్మనెంట్ రెసిడెంట్ నీలం గుర్తింపు కార్డు తీసుకుని సైనిక గుర్తింపు కార్డు చేతిలో పెట్టారే, ఆ నిమిషం కథలో లేదు. గుంటూరులో కూర్చుని చదివేవాడికి అది కావాలి. కిందగీతలూ, అర్థాల పట్టికలూ పెట్టకు. పని జరుగుతూ ఉంటే మాట దానంతటదే తెలిసిపోతుంది.

మావాణ్ణి దింపడానికి మేమూ వెళ్ళాం. పాసిర్ రిస్ నుంచి బస్సు, చాంగీ దగ్గర ఫెర్రీ. దీవిలో బారకాసులు చూపించారు, ప్రమాణం చేయించారు, క్యాంటీన్లో అందరికీ భోజనం పెట్టారు. తినడం అయ్యాక వాడు పళ్ళెం బల్ల మీద వదిలేసి లేవబోయి, చుట్టూ చూసి, మళ్ళీ తీసుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాడు. నేనూ మావారూ మొహాలు చూసుకున్నాం. అంతదాకా రాని ఏడుపు నాకప్పుడు వచ్చింది. ఆ ఒక్క పళ్ళెంతో వాడు మారిపోయాడని చెప్పడం లేదు. శనివారం ఇంటికొచ్చి మంచం మీద కాళ్ళు చాపి, నీళ్ళు తెమ్మని కేకేశాడు.

నీ కథకు అదే ఆయువుపట్టు. ఆ శనివారాలు. నువ్వు వాటిని పూర్తిగా దాటేశావు. క్యాంపులో వాడు చీపురు పడతాడు, మరుగుదొడ్డి కడుగుతాడు. వారాంతపు సెలవు దొరికి, బుక్ అవుట్ అయి ఇంటికి రాగానే సంచీ విప్పి, మట్టి బట్టల మూట గుమ్మంలో పడేస్తాడు. ఆదివారం రాత్రి తిరిగి వెళ్ళాలి, అప్పటికి ఇస్త్రీ మడతలు సిద్ధంగా ఉండాలి. 2013 నుంచి ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళకు వారానికో సెలవు ఇవ్వాలన్న నిబంధన వచ్చింది, వద్దనుకుంటే ఆ రోజుకు జీతం కట్టించుకోవచ్చు, 2023 నుంచి మాత్రం నెలకొక సెలవైనా తప్పక ఇవ్వాలి. చాలామందికి ఆ సెలవు ఆదివారమే. మీ ఇంట్లో ఆమె ఆదివారం బయటికి వెళ్ళిందా? వాడి యూనిఫాం తడిగా ఉందని ఆగిపోయిందా? వంటింటి వెనక వెదురు కర్ర మీద ఆరుతున్న ఆ ఆకుపచ్చ చొక్కా కింద ముగ్గురున్నారు. వాడు, అమ్మ, ఆమె. ఎవరు ఏమంటారు? నాకు తెలియదు. నీకు తెలుసు, నువ్వా ఇంట్లో ఉన్నావు. చొక్కా వాడే ఉతికేశాడని తేలిగ్గా ముగించకు. ఉతకబోయి రాక, ఆమెను అడగాల్సి వచ్చి, ఆ అడగడానికి వాడికి మర్యాదగా మాటలు దొరక్క నిలబడిపోయినా చాలు.

ఫీల్డ్ క్యాంపులో ఉత్తరాల ఘట్టం ఉంచు, ఏడుపు సగం తగ్గించు. అమ్మానాన్నల చేత ముందే ఉత్తరాలు రాయించి, ఒళ్ళంతా బురదతో గుంటలు తవ్వుకున్న పిల్లలకు అక్కడ పంచుతారు. నేనూ రాశాను. ఇంట్లో పనిచేసే ఆమెను రాయమని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మీ ఇంట్లో అడిగారా? ఆమె వాడికి ఏం రాసి ఉండేది? అది ఒక్క పేజీ ప్రయత్నించి చూడు. కథలో వాడకపోయినా ఫరవాలేదు, ఆమె గొంతు నీ చెవిన పడుతుంది.

శిక్షణ తర్వాత నీ హీరోని కమాండోగా చెయ్యడం కూడా నాకు నచ్చలేదు. నువ్వు చేసింది స్టోర్లో పని కదా. దుప్పట్లు లెక్కపెట్టడం, హెల్మెట్లు తీసుకోవడం, సంతకాలు పెట్టించుకోవడం. పోయిన ఒక టార్చిలైటు కోసం సాయంత్రమంతా వెతికామని నువ్వే చెప్పావు మా ఇంట్లో. అది వదిలేసి హెలికాప్టరు ఎక్కించావు వాణ్ణి. స్టోర్లోకి దింపు.

ఇంగ్లీషులోకి అనువదించుకోవాలా అని అడిగావు. ఇప్పుడు వద్దు, తెలుగులో తేలనీ. కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. దసరా పోటీకి పంపకు.

తిరగరాసి నాకే పంపు. ఈసారి అక్షరాలు పెద్దవిగా అచ్చుతీయి, నా కళ్ళు మునుపట్లా లేవు. అమ్మను అడిగానని చెప్పు. మీ ఇంట్లో పనిచేసిన ఆమె పేరేమిటో కూడా రాయి, కథలో మార్చుకుందువుగానీ.

— ఆంటీ