‘సరే అక్కా’ అంటాడు, మర్నాడు రాడు

ప్రశ్న: మాది చీమకుర్తి. ఒంగోలులో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. మా ఊరి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడిశా కుటుంబాల పిల్లలకు సాయంత్రాలు చదువు చెబుతున్నాను. వాళ్ళలో 15 ఏళ్ళ అబ్బాయి బడి మానేశాడు. ఏం చెప్పినా ‘సరే అక్కా’ అంటాడు, మర్నాడు రాడు. వాణ్ణి ఎలా దారిలో పెట్టాలి? దీన్నే ఉద్యోగంగా చేసుకోవచ్చా?

జవాబు: ఆ ‘సరే’ మర్యాద కోసం అన్నదమ్మా, ఒప్పుకున్నట్టు కాదు. వాడికొచ్చిన తెలుగు పనికి సరిపడా తెలుగు: రాయి, కటింగ్, కూలి. మనసులో మాట చెప్పడానికి అది చాలదు. కొన్నాళ్ళు నువ్వే వాడి దగ్గర ఒడియా నేర్చుకో. ‘ఖాయిల కి?’ అని, అంటే తిన్నావా అని, తడబడుతూ అడుగు. నవ్వి నీ ఉచ్చారణ సరిదిద్దుతాడు. ఆ పూటకు వాడే మాస్టారు. వాళ్ళది బలంగీర్ వైపైతే వినాయక చవితి మర్నాడు నువాఖాయి, కొత్త ధాన్యం పండగ. ఆ రోజు క్లాసు పెట్టకు. భోజనానికి పిలిస్తే మాత్రం వెళ్ళు.

‘దారిలో పెట్టడం’ అన్నావు చూడు, అక్కడ నేనూ దెబ్బతిన్నాను. ఒక బిహార్ కుర్రాడికి ఐటీఐ దరఖాస్తు నింపి, ఫొటోలు కూడా తీయించాను. ఛఠ్ పండక్కి ఊరెళ్ళిన ఆ కుటుంబం తిరిగి రానేలేదు. వాళ్ళ నాన్నను ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. కాబట్టి ముందు పెద్దవాళ్ళతో కూర్చో. ఇక్కడ ఎన్నాళ్ళుంటారు, ఊళ్ళో అప్పేమైనా ఉందా, వీడి సంపాదన దేనికి పోతోంది? ఇవి తెలియకుండా చదువు మాట ఎత్తకు. క్వారీ పనికి పంపే ఆలోచన ఉంటే, 18 నిండకుండా అది చట్టవిరుద్ధమని అప్పుడే మెల్లగా చెప్పు.

చదువుకు దారి ఉంది. ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్లో 14 నిండినవాళ్ళు పదో తరగతికి చేరవచ్చు, ఒడియా మీడియం కూడా ఉంది. చేరాక ఐదేళ్ళ గడువులో సబ్జెక్టులు విడివిడిగా రాసుకోవచ్చు. ఊరు మారినా చదువు తెగిపోదు.

ఇక నీ సంగతి. ఏ డిగ్రీ చేసినా ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సమాజ సేవలో పీజీ, చదవొచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి మహిళా యూనివర్సిటీలో ఆ కోర్సు ఉంది. ముంబయి టిస్‌లో (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) చేరాలంటే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. స్వచ్ఛంద సంస్థల్లో మొదటి జీతాలు తక్కువే. ఇంట్లో ఈ మాట ఇప్పుడే చెప్పెయ్.