మళ్లీ ఎక్కించే ముందు ఇది చదువు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

ఉబుంటు లినక్స్ వేశాక నీ పాత లాప్‌టాప్‌లో వైఫై రావడం లేదనీ, మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కిస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆగు. మళ్లీ ఎక్కించినా చాలావరకు అదే జబ్బు తిరిగొస్తుంది, పైగా ఒక పూట దండగ. నెట్‌లో కనపడ్డ కమాండ్లన్నీ సుడో (అడ్మిన్ అధికారం) పెట్టి కొట్టడం ఇంకా అన్యాయం. బాగైతే దేనివల్ల బాగైందో తెలీదు, చెడితే దేనివల్ల చెడిందో అసలే తెలీదు. ఎక్కడ తెగిందో కనుక్కో, అక్కడే చెయ్యి పెట్టు.

ముందు ఫోన్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించి, ఫోన్ నెట్‌ని లాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి. ఆండ్రాయిడ్ ఫోన్లయితే చాలావరకు లినక్స్ వాటిని వెంటనే గుర్తుపడుతుంది. ఆ ఆప్షన్ నొక్కుడుపడకపోతే కేబుల్ మార్చి చూడు, కొన్ని చవక కేబుళ్లు చార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరావు. డ్రైవర్ (వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి అనే గొడవ దీనితో తీరిపోతుంది.

ఇప్పుడు వైఫై జాబితా చూడు. చుట్టుపక్కల ఇళ్ల పేర్లు కనిపిస్తున్నాయా? కనిపిస్తే కార్డూ డ్రైవరూ బాగానే ఉన్నట్టు, వాటి జోలికి పోకు. ఒక్క పేరూ లేకపోతే టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ (rfkill list) కొట్టు. సాఫ్ట్ బ్లాక్డ్ దగ్గర ఎస్ (yes) అని ఉంటే ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ (rfkill unblock wifi) కొడితే చాలు. హార్డ్ బ్లాక్డ్ దగ్గర ఎస్ అని ఉంటే మాత్రం ఏ కమాండూ పనిచెయ్యదు. ఆ తాళం మిషన్ మీదే ఉంటుంది. పాత మోడళ్లలో పక్కనో ముందువైపో చిన్న స్లైడ్ స్విచ్ ఉండేది, లేదంటే ఎఫ్‌ఎన్‌తో కలిపి నొక్కే ఏరోప్లేన్ బొమ్మ కీ. బ్యాగులోంచి తీసేటప్పుడు గోరు తగిలినా ఆ స్విచ్ జరుగుతుంది.

తాళం లేదంటే ‘ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ కే’ (lspci -k) కొట్టు. నెట్‌వర్క్ కంట్రోలర్ అనే వరుసలో కంపెనీ పేరు ఉంటుంది, దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ (Kernel driver in use) అనే వరుస ఉండాలి. ఇంటెల్ కార్డులు సాధారణంగా పేచీ పెట్టవు. బ్రాడ్‌కామ్ అని ఉండి, కింద ఆ వరుస లేకపోతే దొంగ దొరికినట్టే. ‘సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్’లో అడిషనల్ డ్రైవర్స్ ట్యాబ్ తెరిచి, అక్కడ చూపించే బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఎంచుకో.

ఇక్కడ చాలామంది జారిపడతారు, నిదానంగా చదువు. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని ఆపే కాపలా) ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం రంగు తెర వస్తుంది. అది చూసి టెన్షన్ పడి కంటిన్యూ బూట్ నొక్కేస్తే డ్రైవర్ డిస్క్‌లో ఉంటుంది గానీ కెర్నల్ (లినక్స్ గుండెకాయ) దాన్ని లోపలికి రానివ్వదు. ‘ఎన్‌రోల్ ఎంఓకే’ (Enroll MOK) ఎంచుకుని, ఇందాక పెట్టిన పాస్‌వర్డే ఇవ్వాలి. ఆ తెర కాసేపు ఆగి దానంతటదే పోతుంది, కాబట్టి అప్పుడు టీ కోసం లేవకు.

పేర్లు కనిపిస్తూ మీ ఇంటి పేరొక్కటే లేకపోతే, అది 5 గిగాహెర్ట్జ్ పేరేమో చూడు. పాత కార్డులు కొన్నిటికి 2.4 తప్ప వినపడదు. పాస్‌వర్డ్ సరైనదే అయినా పదే పదే అడుగుతుంటే, రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం భద్రత ఒక్కటే పెట్టారేమో కనుక్కుని డబ్ల్యూపీఏ2 కూడా ఉంచమను.

కనెక్ట్ అయ్యింది, పేజీలు మాత్రం రావంటావా? ‘పింగ్ 8.8.8.8’ (ping 8.8.8.8, గూగుల్ సర్వర్ చిరునామా) కొట్టు. జవాబు వచ్చి, సైట్ పేరుతో కొడితే రాకపోతే తప్పు వైఫైది కాదు, సైట్ పేరుని నంబరుగా మార్చే డీఎన్‌ఎస్‌ది. ఆ వైఫై సెట్టింగ్స్‌లో ఐపీవీ4 కింద డీఎన్‌ఎస్ ఆటోమేటిక్ తీసేసి 8.8.8.8 రాయి.

ఇవన్నీ చూసినా రాకపోతే ‘సుడో డీఎంఈఎస్‌జీ’ (sudo dmesg) కొట్టి, ఫర్మ్‌వేర్ (firmware) అనే మాట ఉన్న వరుసలు ఫొటో తీసి నాకు పంపు. ఈలోపు తొందరపడి యూఎస్‌బీ వైఫై డాంగుల్ కొనకు. డబ్బా మీద లినక్స్ అని రాసినంత మాత్రాన నమ్మొద్దు, లోపలి చిప్ ఏదో అడుగు. మీడియాటెక్ ఎంటీ7612యూ లాంటిదైతే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, నిశ్చింతగా తీసుకో.

ఇట్లు,
మామయ్య