కొండ వాలు మీద గళ్ల వీధులు

ప్రశ్న: ప్రాచీన గ్రీకు నగరం ప్రియెనె కొండ వాలు మీద ఉంది. అక్కడా వీధుల్ని గళ్లు గీసినట్టు ఎందుకు వేశారు? వాలును బట్టి ఒంపులు తిప్పితే సులువు కదా?

జవాబు: నడిచేవాళ్లకు సులువే, స్థలాలు పంచేవాళ్లకు కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో మికాలె కొండ దక్షిణపు వాలు మీద ఈ నగరాన్ని కొత్తగా కట్టారు. బ్లాకులన్నీ ఒకే కొలతలో, సుమారు 47 మీటర్లకు 35 మీటర్లు ఉంటే ఇళ్ల స్థలాలు సమానంగా విడగొట్టడం తేలిక. తూర్పు–పడమర వీధులు వాలుకు అడ్డంగా, దాదాపు చదునుగా సాగుతాయి. బండ్లు తిరగగలిగేది వీటిమీదే. ప్రధాన వీధి వెడల్పు 7 మీటర్లకు పైనే. ఉత్తర–దక్షిణ వీధులు అందులో సగం. వాలు ఎక్కువైన చోట అవి ఉత్త మెట్లే.

అసలు ఖర్చు చదును చేయడంలో ఉంది. ఎగువన రాయి తొలచాలి, దిగువన అడ్డుగోడ కట్టి వెనక మట్టి నింపాలి. ఆ మట్టి తడిస్తే బరువెక్కి గోడను ముందుకు తోస్తుంది. ఇంత కష్టానికీ ఒక లాభముంది: కొండ ఉత్తరాన ఉంది కాబట్టి చలికాలపు ఎండ ఇళ్లకు బాగా అందుతుంది.

ప్రశ్న: గళ్ల పద్ధతిని కనిపెట్టింది మిలేటస్ నగరానికి చెందిన గ్రీకు నగర ప్రణాళికకారుడు హిప్పొడమస్ కదా?

జవాబు: కాదు. అరిస్టాటిల్ ఆ ఘనత ఆయనకే ఇచ్చినా, సిసిలీలోని గ్రీకు నగరం మెగారా హైబ్లేయాలో క్రీ.పూ. 8వ శతాబ్దంలోనే క్రమబద్ధమైన వీధులున్నాయి. ఏథెన్స్ రేవు పట్టణం పిరేయస్‌కు ప్లాను వేసింది మాత్రం ఆయనే.

ప్రశ్న: ఉత్తర గ్రీసులోని ప్రాచీన నగరం ఒలింథస్‌లో ఇళ్ల వరుసల మధ్య ఒకటిన్నర మీటరు కూడా లేని సందు ఎందుకు?

జవాబు: నీళ్లు పోవడానికి. అక్కడ బ్లాకుకు పది ఇళ్లు, అయిదేసి చొప్పున రెండు వరుసలు; ఒక్కో ఇల్లు ఇంచుమించు 17 మీటర్ల చదరం. గోడలు పచ్చి ఇటుకవి. ఇటుక అడుగున తడి నిలిస్తే మెత్తబడి గోడ కూలుతుంది. అందుకే కింద రాతికట్టు వేసి దానిమీద ఇటుక పేర్చేవారు, పైన మట్టిపెంకులు కప్పేవారు. రెండు వరుసల వెనకగోడలూ ఆనించి కట్టేస్తే చూరునీళ్లు నడుమ చిక్కుకుపోతాయి. సందు ఉంటే బయటికి పోతాయి. అయితే దాన్ని చెత్తతో పూడనిస్తే మొదట దెబ్బతినేది, ఎవరూ రోజూ చూడని ఆ వెనకగోడే.