చలికాలం పూల గురించి సింధుకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సింధుకు,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటో చూశాను. మంచులోంచి తల బయటపెట్టిన తెల్లపూలు, మధ్యలో గుత్తుగా పసుపు కేసరాలు. నిజంగానే బాగుంది. పేరు హెల్లెబోర్ అట, క్రిస్మస్ రోజ్ అని కూడా అంటారట, మియాపూర్ బాల్కనీలో కుండీలో పెట్టుకోవచ్చా అని అడిగావు. ఆన్‌లైన్‌లో గింజలు కూడా చూసిపెట్టుకున్నానన్నావు. ముందు ఆ ఆర్డరు ఆపు. మిగతాది తీరిగ్గా చెబుతాను.

పేరులో రోజ్ ఉంది గానీ గులాబీకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. ఉత్తరాదివాళ్లు పచ్చళ్లలో వేసుకునే కలోంజీ, అదే నల్ల జీలకర్ర ఉంది చూడు, ఆ కుటుంబానిది. ఆల్ప్స్ కొండలు, బాల్కన్ దేశాలు, టర్కీ దాని పుట్టిళ్లు. మైనస్ డిగ్రీల్లో కూడా హాయిగా ఉంటుంది. ఎండాకాలం మగతగా గడిపి, చలి ముదిరాక లేస్తుంది. మన దగ్గర డిసెంబరు రాత్రి ఎంత చలి? 14, 15 డిగ్రీలు. ఎప్పుడైనా 10కి దిగితే పేపర్లో వార్త. పగలు మళ్లీ 28. మనం స్వెటర్లు తీసి మురిసిపోయే చలి దానికి చలే కాదు.

గింజల సంగతి ఇంకా కష్టం. కాయలోంచి రాలిన గింజలు తాజాగా ఉన్నప్పుడే మట్టిలో పడాలి. కొన్ని నెలలు తడి, వెచ్చదనం, ఆ తర్వాత కొన్ని నెలలు గట్టి చలి తగిలితే గానీ మొలక రాదు. ప్యాకెట్లో ఎండిపోయిన గింజ చాలావరకు మొండికేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి మొలకెత్తించవచ్చని చెప్పేవాళ్లుంటారు. మొలకెత్తొచ్చు. తర్వాత ఏప్రిల్ వస్తుంది కదా, మే వస్తుంది కదా. 42 డిగ్రీల ఎండలో కాలిపోయే బాల్కనీ నుంచి ఆ మొలకని తీసి ఏ ఫ్రిజ్‌లో పెడతావు? గింజ నుంచి పువ్వు రావడానికి మామూలుగా మూడేళ్లు పడుతుంది. అంటే మూడు ఎండాకాలాలు.

ఇంకో మాట. ఆ మొక్క ఆకు, వేరు, గింజ అంతా విషమే. రసం తగిలితే కొందరికి చర్మం మండుతుంది. మీ బుజ్జిది నేల మీద ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసులో ఉంది. ఇక మీ అన్నయ్య ఈసారి వచ్చేటప్పుడు సూట్‌కేసులో మొక్కే తెచ్చిస్తానన్నాడని రాశావు. వాడికి గట్టిగా చెప్పు, వద్దని. 2003లో వచ్చిన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం పర్మిట్, మొక్కకి తెగుళ్లు లేవని ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా బయటి దేశాల మొక్కలు తీసుకురాకూడదు. ఎయిర్‌పోర్టులో లేనిపోని టెన్షన్.

కానీ వాడు ఉండేది బర్మింగ్‌హామ్‌లో. వాడు పెంచుకోవచ్చు, అక్కడది పెరటి మొక్కే. నేను మా అబ్బాయి దగ్గర లండన్‌లో ఉన్నప్పుడు దగ్గరగా చూశాను. పువ్వు తల వంచుకుని ఉంటుంది, గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తితే గానీ లోపల కనపడదు. వాన, మంచు పడినా పుప్పొడి తడవకుండా ఆ ఏర్పాటు. మన కాగితం పూలలో లాగే, రంగుతో కనిపించేవి అసలు రేకులు కావు. కాగితం పూలలో అవి పువ్వు పక్కనుండే ఆకులు, ఇందులో రక్షకపత్రాలు. అసలు రేకులు చిన్న చిన్న గొట్టాలుగా మారి కేసరాల చుట్టూ వలయంలా ఉంటాయి, తేనె అందులోనే. అందుకే పూత అయిపోయాక కూడా ఆ తెలుపు రాలిపోదు, మెల్లగా ఆకుపచ్చకి తిరిగి నెలల తరబడి నిలబడుతుంది.

వాడికి ఈ నాలుగు ముక్కలు చెప్పు. గింజల జోలికి పోకుండా మొక్కే కొనమను. వేళ్లు లోతుకి పోతాయి కాబట్టి వెడల్పు కన్నా లోతున్న కుండీ కావాలి. చలికాలం ఆకు రాల్చే చెట్టు కింద పెడితే ఎండాకాలం నీడ, శీతాకాలం వెలుతురు రెండూ దొరుకుతాయి. మట్టిలో ఆకు ఎరువు బాగా ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. మొగ్గలు మట్టిలోంచి కనపడగానే పాత ఆకులు మొదలంటా కత్తిరించెయ్యాలి. నల్లమచ్చల తెగులు ఆ ఆకుల మీదే దాక్కుంటుంది, పైగా పూలూ బాగా కనిపిస్తాయి. కత్తిరించేటప్పుడు చేతికి గ్లౌజులు తప్పనిసరి.

ఇక నీ బాల్కనీ. తూర్పు ముఖం, పొద్దున నాలుగైదు గంటల ఎండ అన్నావు. ఆ ఎండ ఉంటే చలికాలానికి చామంతిని మించింది లేదు. అసలు సమయం కూడా ఇదే, తొలకరి పడింది.

చామంతి చలికి పూయదు, చీకటికి పూస్తుంది. ఈ ఒక్కటి అర్థమైతే సగం పని అయినట్టే. జూన్‌లో మన హైదరాబాద్‌లో పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరుకి 11 గంటలకి తగ్గుతుంది. రాత్రి పొడవు పెరుగుతున్న కొద్దీ మొక్క ఆకులు వెయ్యడం మాని మొగ్గ తొడుగుతుంది. అందుకే పూల రైతులు పూత వెనక్కి నెట్టాలనుకుంటే తోటలో రాత్రిళ్లు బల్బులు వెలిగిస్తారు. నీ బాల్కనీలో రాత్రంతా ట్యూబ్‌లైటు వెలిగించి పెడితే నువ్వూ అదే పని చేసినట్టు. వినాయక చవితి నుంచి ఆ లైటు ఆపెయ్యి. వీధిలైటు నేరుగా పడే మూల ఉంటే అక్కడ చామంతి పెట్టకు. మొక్క నిగనిగలాడుతూ ఏపుగా ఉంటుంది, పువ్వు మాత్రం రాదు, ఎరువు తక్కువైందేమోనని నువ్వు ఇంకా పోస్తుంటావు.

డిసెంబరులో నర్సరీలో నిండా పూలున్న కుండీ కొనడం తేలిక. అది పది రోజుల ముచ్చట. ఇప్పుడు పిలకలు నాటితే మొక్క నీదవుతుంది. పది అంగుళాల కుండీకి ఒక పిలక చాలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మగ్గిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, గుప్పెడు వేపపిండి. కుండీ అడుగు రంధ్రం మీద పెంకు ముక్క వెయ్యి. కింద ప్లేటు పెడితే అందులో నీళ్లు నిలవకుండా రోజూ పారబొయ్యి. చామంతికి వేరుకుళ్లు, మీకు డెంగీ, రెండింటికీ ఆ ప్లేటే మూలం.

మొక్క జానెడు ఎత్తు రాగానే తల తుంచాలి. నీకు చెయ్యి రాదని తెలుసు. బొటనవేలి గోరు, చూపుడువేలి గోరు మధ్య కొన పట్టుకుని, ఇంకా విచ్చుకోని రెండు లేత ఆకులతో సహా టక్కున తుంచెయ్యి. వేళ్లకి ఘాటైన వాసన అంటుకుంటుంది, సబ్బుతో కడిగినా కాసేపు పోదు. పది పదిహేను రోజుల్లో తుంచిన చోటు కింద ఒక్కో ఆకు సందులోంచి ఒక్కో కొమ్మ లేస్తుంది. అవి వేలెడంత అయ్యాక మళ్లీ తుంచు. ఇలా వినాయక చవితి దాకా. ఆ తర్వాత చెయ్యి పెట్టకు, తుంచితే పువ్వునే తుంచినట్టు. బతుకమ్మకి ఇంటి పూలు రాలేదని బెంగ పెట్టుకోకు, దానికి గుడిమల్కాపూర్ మార్కెట్ ఉంది. నీ కుండీ నవంబరు నుంచి సంక్రాంతి దాకా పూస్తుంది.

నీళ్లు మొక్క మొదలు దగ్గరే పొయ్యి, ఆకుల మీద చల్లకు. వేలు పెట్టి చూస్తే పైమట్టి పొడిగా తగలాలి, అప్పుడే పొయ్యాలి. లేత కొమ్మల కొసన నల్లగా పేనుబంక పడుతుంది. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టు, వారం ఆగి మళ్లీ కొట్టు. నానబెట్టిన వేరుశనగ చెక్క నీళ్లు బాగా పలచన చేసి పదిహేను రోజులకోసారి ఇవ్వొచ్చు. వాసనకి పక్క ఫ్లాటువాళ్లు తలుపు తడితే నా పేరు చెప్పకు. మొగ్గ రంగు తిరిగాక ఏ ఎరువూ వద్దు.

చామంతి పక్కన రెండు డిసెంబరాలు పెట్టు. ఊదా ఒకటి, తెలుపు ఒకటి. వాసన ఉండదని ఈ కాలం వాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ, కనకాంబరాలకి దగ్గర చుట్టం, మాలకి ఎంత అందం! బద్ధకస్తుల మొక్క, ఎండ కాస్త తక్కువైనా సర్దుకుంటుంది. పూత అయ్యాక ఫిబ్రవరిలో సగానికి కత్తిరిస్తే చాలు. పెటూనియా, పాన్సీలు కావాలంటే అక్టోబరు చివర్లో నారు తెచ్చుకో, మార్చి ఎండకి పోతాయి, పోనీ.

చామంతి పూలయ్యాక కుండీ పారెయ్యకు. మొదలు దగ్గర నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోసెయ్యి. పిలకలు లేస్తాయి. ఎండాకాలమంతా గ్రీన్ షేడ్ నెట్ కింద బతికించుకుంటే వచ్చే తొలకరికి నువ్వే నలుగురికి పంచొచ్చు.

ఈ ఆదివారం సైనిక్‌పురి రా. పసుపు, తెలుపు చామంతి పిలకలు, డిసెంబరం కొమ్మలు తీసి ఉంచుతాను. పొద్దున పదిలోపు వస్తే మంచిది, ఎండెక్కితే దారిలో వాడిపోతాయి. రెండు పాత న్యూస్‌పేపర్లు, ఒక గోనెసంచి తెచ్చుకో. ఎర్రమట్టి కూడా ఇక్కడే తీసుకెళ్లు, కారులో మురికవుతుందని అల్లుడుగారు అంటే నేను మాట్లాడతాను.

ఇట్లు,
పెద్దమ్మ