గద్ద కథ తీసెయ్

హరితా,

నువ్వు పంపిన ప్రసంగం చదివాను. కథలు రాసుకునేదాన్ని, ఎండీ గారి ఉపన్యాసాలు రాసే ఉద్యోగంలో చేరానేంటి అని మెయిల్లో తెగ మొహమాటపడ్డావు. అక్కర్లేదు. పటాన్‌చెరు యూనిట్ మూసేస్తున్నామని అక్కడ పనిచేసేవాళ్ళకే చెప్పాల్సిన మాటలు రాయడం పత్రికకి కథ రాయడం కన్నా తేలికేం కాదు. పత్రిక చదివేవాడు నచ్చకపోతే పేజీ తిప్పేస్తాడు. వీళ్ళు కుర్చీలోంచి లేచి వెళ్ళలేరు.

ముందు ఆ గద్ద కథ తీసెయ్. నలభయ్యేళ్ళు రాగానే గద్ద కొండెక్కి, ముక్కు రాతికేసి కొట్టి విరగ్గొట్టుకుని, కొత్త ముక్కు మొలిచాక మరో ముప్పయ్యేళ్ళు బతుకుతుందన్నది వాట్సాప్‌లోనూ ట్రైనింగ్ క్లాసుల్లోనూ తిరిగే అబద్ధం. ముక్కు పోయిన గద్ద తిండి లేక చస్తుంది. సరే, నిజమే అనుకుందాం. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలీక టెన్షన్‌తో కూర్చున్న ఫిట్టర్‌కి అది ఎలా వినబడుతుంది? విరగబోయే ముక్కు తనదేనని అర్థమవుతుంది.

వార్త ముందు చెప్పించు. యూనిట్ ఏ తేదీన మూస్తారు, ఎంతమందికి కొత్త చోట పని ఉంది, రాలేనివాళ్ళకి ఏమిస్తారు, గ్రాట్యుటీ డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది. ఇదంతా మొదటి రెండు నిమిషాల్లో అయిపోవాలి. కథతో మొదలుపెట్టి శ్రోతని పట్టుకోవాలని మేనేజ్‌మెంట్ పాఠాల్లో చెప్తుంటారు. మామూలు రోజుల్లో చెల్లుతుంది. చెడ్డ వార్త రోజున మాత్రం కథ సాగినంతసేపూ జనం ‘ఇంతకీ మా సంగతేంటి’ అనుకుంటూనే ఉంటారు, ఒక్క ముక్క తలకెక్కదు.

అంకెలు చెప్పేశాక కథకి చోటొస్తుంది. ఈ నిర్ణయానికి ఎలా వచ్చారు, ఏయే దారులు వెతికి వదిలేశారు అన్నది కథగా చెప్తేనే జనానికి పడుతుంది. దానికోసం ఎండీ గారి దగ్గర ఓ గంట కూర్చో. ‘మీ ప్రయాణం గురించి చెప్పండి సార్’ అని మాత్రం అడక్కు, పాత ఇంటర్వ్యూలో చెప్పిందే అప్పజెప్తారు. మూసెయ్యకుండా ఉండటానికి ఏం చేసి చూశారు? ఎవరు వద్దన్నారు? ఏ కాగితం చూశాక ఇక కుదరదనుకున్నారు? ఆయన పీపీటీ తెరవబోతే ఆపు. జెఫ్ బెజోస్ 2004లో అమెజాన్ పెద్దల మీటింగుల్లో పవర్‌పాయింట్ వద్దన్నాడు. దాని బదులు ఆరు పేజీల వ్యాసం రాసి తేవాలి, మీటింగ్ మొదట్లో అందరూ నోరు మూసుకుని దాన్ని చదవాలి. నాకు అమెజాన్ మీద ప్రత్యేకమైన అభిమానమేం లేదు గానీ ఇది మంచి పద్ధతే. పాయింట్లుగా రాసినప్పుడు ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమేంటో చెప్పకుండా దాటెయ్యొచ్చు. పూర్తి వాక్యాలు రాయాల్సొస్తే కుదరదు.

ఆయన చెప్పింది పట్టుకుని పటాన్‌చెరు వెళ్ళు. షిఫ్ట్ ఇన్‌చార్జితో, టైమ్ ఆఫీసు క్లర్కుతో మాట్లాడు. అవన్నీ జరిగినప్పుడు వాళ్ళు అక్కడే ఉన్నారు. వాళ్ళు ‘అలా జరగలేదమ్మా’ అన్న ముక్క ఎంత బాగున్నా ప్రసంగంలోకి రాకూడదు.

ఇక ఆ కథలో ఎండీ గారికి ఎంత చోటివ్వాలి? సత్య నాదెళ్ల హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ రోజుల నాటి క్రికెట్ సంగతొకటి చెప్తుంటారు. ఓ మ్యాచ్‌లో తన బౌలింగ్ సాగడం లేదు. కెప్టెన్ ఆయన్ని ఆపి, తనే బంతి తీసుకుని వికెట్ పడగొట్టి, మళ్ళీ బంతి తెచ్చి ఆయన చేతికే ఇచ్చాడట. సీజన్ మొత్తానికీ ఆ కుర్రాడి అవసరం ఉంది, వాడి ధైర్యం పోకూడదని కెప్టెన్ ఆలోచన. మైక్రోసాఫ్ట్ సీఈఓ చెప్పే కథలో ఆయన బౌలింగ్ సరిగ్గా పడని కుర్రాడు, తెలివంతా ఆ కెప్టెన్‌ది. అందుకే అది సొంత డబ్బాలా ఉండదు. మీ ఎండీ గారికీ ఇలాంటి మనిషి ఎవరో ఉండే ఉంటారు, బహుశా ఆ యూనిట్లోనే. ఎవరో కనుక్కో.

అలాగని ఆయన్ని జాలిపడాల్సిన మనిషిగానూ చూపించకు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో రూ. 5,040 కోట్ల మేర లేని నగదు, బ్యాంకు నిల్వలను లెక్కల్లో చూపించామన్న ఒప్పుకోలు ఉంది. జనానికి గుర్తున్నది మాత్రం పులి స్వారీ. ఎక్కి కూర్చున్నాం, దిగితే తినేస్తుంది అన్న పోలిక. రచనగా చూస్తే గొప్ప వాక్యమే, ఒప్పుకుంటాను. కానీ అందులో పులి నోట్లో పడేది రాసినాయనే. షేర్లు కొన్నవాళ్ళూ, అక్కడ పనిచేసిన వేలమందీ ఆ బొమ్మలో ఎక్కడా లేరు. నీ డ్రాఫ్టులో రెండో పేజీలో ‘ఈ నిర్ణయం నన్నెంతో క్షోభ పెట్టింది’ అని ఉంది చూడు, దానిదీ అదే వరస. కొట్టెయ్.

భాష సంగతి ఎక్కువ చెప్పను. ఆయన సంగారెడ్డి వైపు మనిషి అన్నావు, నువ్వేమో గుంటూరు పత్రికల తెలుగు రాశావు. ఆయన ఫోన్లో ఎలా మాట్లాడతారో అలాగే రాయి. రాశాక ఆయన చేతే బయటికి చదివించు, నాలుక తడబడ్డచోటల్లా వాక్యం మార్చు.

కొత్త చోటికి రానివాళ్ళకి డబ్బు ఎప్పుడొస్తుందో హెచ్‌ఆర్ వాళ్ళు ఇంకా తేల్చలేదన్నావు. రేపు పొద్దున్నే వెళ్ళి ఆ తేదీ అడుగు. అది చేతికొచ్చేదాకా కథ జోలికి పోకు. వచ్చాక కొత్త డ్రాఫ్టుతో పాటు ఎండీ గారు మాట్లాడినప్పటి నోట్సు కూడా పంపు, రెండూ పక్కన పెట్టుకుని చూస్తాను.

ఉంటాను.