మొగ ఎలా దాటావు బాబూ?

బాబూ,

నువ్వు పంపిన నడక వ్యాసం చదివా. కోపం వచ్చి పక్కన పడేసి, సాయంత్రం కాఫీ తాగాక మళ్ళీ తీశా. మహాబలిపురం నుంచి పుదుచ్చేరి దాకా బ్యాగు భుజానేసుకుని ఒడ్డు పట్టుకు నడిచి, అందులో ఒక్క రోజే తీసుకుని రాయడం బానే ఉంది. కానీ సాయంత్రం గురించి ఏం రాశావో ఒకసారి చూసుకో. "సూర్యుడు మెల్లగా సముద్రంలోకి జారిపోయాడు" అట. ఎక్కడ? మరక్కాణం దగ్గర! బంగాళాఖాతంలో సూర్యుడు పొడుస్తాడు నాయనా, కుంకడు. ఆ పూట నీ వెనకాల, ఉప్పుమళ్ళ అవతల, ఈసీఆర్ (తీరం వెంబడి పోయే పెద్ద రోడ్డు) మీద పోయే బస్సుల వెనక్కి ఎక్కడో దిగిపోయుంటాడు, నువ్వు తిరిగి కూడా చూసుండవు. ఎక్కడో చదివిన సాయంత్రాన్ని తెచ్చి ఇక్కడ పెట్టేశావు.

నిన్నొక్కణ్ణే అని ఏం లాభంలే. నా మొదటి సముద్రం వ్యాసం వేసిన వారపత్రిక వాళ్ళు దాని పక్కన గోవా సూర్యాస్తమయం బొమ్మ వేశారు. ఫోన్ చేసి అడిగితే ఆ సబ్ ఎడిటర్, "సముద్రమే కదా మేడమ్, అదైనా ఇదైనా" అన్నాడు. అతనిప్పుడు ఎక్కడున్నాడో గానీ ఆ మాట మీద నాకింకా కోపం పోలేదు.

సరే, నీకు జవాబు రాయాలనిపించింది ఆ సూర్యుడి వల్ల కాదు. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. "పొద్దున్నుంచి ఎడమ మోకాలు మాత్రమే నొప్పిగా ఉంది, ఎందుకో అర్థం కాలేదు." ఇది మాత్రం నడిచినవాడే రాస్తాడు, ఇంట్లో కూర్చున్నోడికి తట్టదు. ఎందుకో నేను చెప్తా విను. నువ్వు దక్షిణానికి పోతున్నావు, సముద్రం నీకు ఎడమవైపు, ఒడ్డు నీళ్ళకేసి వాలుగా ఉంటుంది, పొడి ఇసకలో కాలు దిగబడుతుందని తడి ఇసక మీదే నడిచుంటావు, అంటే రోజంతా ఎడమకాలు పల్లంలో, కుడికాలు మెరకలో. పుదుచ్చేరి నుంచి ఇటు నడుచుంటే కుడి మోకాలు పట్టేసేది. ఆ నొప్పిలో నీ ఒడ్డు, నీ దిక్కు, ఆ పూట సముద్రం పోటు మీదుందా పాటు మీదుందా అన్నీ ఉన్నాయి. నువ్వేమో ఆ వాక్యాన్ని అక్కడే వదిలేసి వెంటనే "అలలు నాతో ఏదో చెప్తున్నాయి" అని మొదలుపెట్టావు. అవేం చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మధ్యాహ్నం నువ్వు ఆలంపరై కోట దగ్గరున్నావు. 1750లో ఫ్రెంచి గవర్నరు డూప్లే చేతికి రావడం, 1760లో ఇంగ్లీషువాళ్ళు కూల్చడం, ఇటుకలు, బురుజులు, పేజీన్నర రాశావు. అవి ఎవడికైనా ఫోన్లో దొరుకుతాయి. తర్వాతి పేరాకి వచ్చేసరికి అవతలి ఒడ్డున టెంటు వేసుకుని నూడుల్స్ ఉడకేసుకుంటున్నావు. ఆ రెంటికీ మధ్యలో కళువేలి చిత్తడి నీళ్ళు సముద్రంలో కలిసే మొగ ఉంది కదయ్యా! అది ఎలా దాటావు? పడవలోనా? ఎవరి పడవ, ఎంతడిగాడు? లేక నీళ్ళలో దిగావా? ఎంత లోతు? బ్యాగు నడుం బెల్టు ముందే విప్పుకున్నావా లేదా (విప్పకుండా దిగితే, కాలు జారినప్పుడు ఆ బ్యాగే నిన్ను ముంచేస్తుంది)? దాటలేక వెనక్కొచ్చి రోడ్డెక్కి చుట్టూ తిరిగొచ్చావా? అలా వస్తే అదీ రాయి, నాకేం అభ్యంతరం లేదు.

మన తూర్పు తీరం నడక అంటే మొగల నడకే. చెన్నై నుంచి దిగితే అడయార్, కోవళం, పాలారు, తర్వాత ఇది. ఎండాకాలంలో ఏట్లో నీళ్ళు తగ్గి, అలలు ఇసక తెచ్చి అడ్డం పోస్తే కాలు తడవకుండా దాటేయొచ్చు, ఐప్పసి (తమిళుల అక్టోబరు-నవంబరు నెల), కార్తీక వానలకి అదే చోట తెగి పారుతుంది. నిన్న దాటినచోట ఇవాళ దాటలేవు. కల్పాక్కం దగ్గర అణువిద్యుత్ కేంద్రం ఉంది కాబట్టి ఒడ్డు వదిలి రోడ్డెక్కాల్సిందే, దాన్ని కూడా ఒక్క మాటలో తేల్చేశావు. దారి ఎక్కడ తెగిందో అక్కడే నడిచే మనిషి కనబడతాడు అని నేను ముప్ఫై ఏళ్ళుగా అరుస్తున్నా, ఎవరూ వినరు. అడయార్ మొగ దగ్గర 1977లో విరిగిన వంతెన ఉంది చూడు, పాటలు తీశారు, పెళ్ళి ఫోటోలు తీశారు, దాని మీద సూర్యోదయం కవితలు ఎన్నొచ్చాయో లెక్కలేదు, అది విరిగాక ఆ పల్లెవాళ్ళు అవతలికి ఎలా పోయారో రాసినవాణ్ణి నేను చూళ్ళేదు.

నేను చెన్నై టీ నగర్ హాస్టల్లో ఉండే రోజుల్లో సెలవు దొరికితే ఒడ్డు పట్టుకు పోయేదాన్ని. పాలారు మొగ దగ్గర చీర ఎగ్గట్టి దిగబోతుంటే వల బాగుచేసుకుంటున్న ఒకావిడ "ఇప్పో ఇరంగాదే" (ఇప్పుడు దిగకు) అని గట్టిగా అరిచింది. పాటు మొదలైంది, నీళ్ళు సముద్రంలోకి లాగుతాయి, కాసేపు కూర్చో అంది. కూర్చున్నా. తన సద్దిలోంచి ఇంత చద్దన్నం, ఎండుచేప ముక్క పెట్టింది. నీళ్ళు నెమ్మదించాక దిగితే పాదం ఎత్తి వెయ్యొద్దు, ఇసకలో ఈడ్చుకుంటూ పో, టేకు చేప పడుకుని ఉంటే తప్పుకుంటుంది, తొక్కితే ముల్లు దింపుతుంది అని వెనకనించి చెప్తూనే ఉంది. నాలుగు పేజీలు రాశా ఆ దాటడం. పంపితే సంపాదకుడుగారు "మొగ ఒక్క వాక్యంలో దాటించెయ్యండి, ఆడపిల్ల ఒంటరిగా ఎందుకు నడిచిందో ఆ ఫీలింగ్ రాయండి" అన్నారు. ఇప్పటికీ అదే ఫ్యాషన్. నడిచినోళ్ళంతా తమని తాము కనుక్కుంటారు, దారి మాత్రం ఎవరికీ కనబడదు.

ఇంకోటి, ఇది రాతకి సంబంధించింది కాదు. ఫిబ్రవరి పున్నమి రాత్రి నీ టెంటు "ఇసకలో నక్షత్రంలా వెలిగింది" అని మురిసిపోయావు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ ఒడ్డుకే గుడ్లు పెట్టడానికొస్తాయి. వెలుతురు చూస్తే తల్లి వెనక్కి పోతుంది, పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాక సముద్రమనుకుని దీపం వైపు పాక్కుంటూ పోయి చస్తాయి. ఇక్కడ చెన్నైలో కాలేజీ పిల్లలు 1988 నుంచి రాత్రిళ్ళు నీలాంకరై, బీసెంట్ నగర్ ఒడ్డున నడిచి ఆ గుడ్లు ఏరి కాపాడుతున్నారు. దీపం ఆర్పి పడుకో. టెంటు కూడా పోటు వదిలిన చెత్త గీతకి బాగా పైన వెయ్యాలి, పున్నమికి పోటు ఇంకా పైకొస్తుంది, నువ్వు ఎక్కడ వేశావో రాయలేదు కాబట్టి తడిశావో లేదో నాకు తెలీదు.

అన్నట్టు "పక్కనే ఒక మురికి కాలవ" అన్నావే, అది బకింగ్‌హామ్ కాలవ. పెద్దగంజాం నుంచి చెన్నపట్నం మీదుగా మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు. మా తాతయ్య ధాన్యం పడవెక్కి అందులోనే ఈ ఊరొచ్చాడు. మురికి కాలవేనట!

ఏ టెంటు కొనాలి, పుస్తకం ఎవరేస్తారు, ఇంగ్లీషులో రాస్తే మంచిదా అని అడిగావు. అవి ఇంకెవరినైనా అడుగు.

కోట పేజీన్నర తీసేసి అక్కడ మొగ రాసి పంపు. పీడీఎఫ్ వద్దు, నా ఫోన్లో తెరుచుకోదు, మెయిల్లోనే పేస్ట్ చెయ్యి. ఈ నెలాఖరుకి మా అమ్మాయి దగ్గరికి వైజాగ్ పోతున్నా, ఆలోపు వస్తే చదువుతా, లేకపోతే సంక్రాంతి అయ్యాకే.