సినిమా ఫ్రేములో ఎడమ, కుడి ఒకేలా ఉంటే చూపు మధ్యకే ఎందుకు పోతుంది?

రెండు వైపులా బరువు సమానంగా ఉన్నప్పుడు కంటిని పక్కకు లాగేది ఏదీ ఉండదు కాబట్టి చూపు నడిమి గీత మీదే నిలుస్తుంది. మహారాష్ట్రలోని సిరొంచలో ఉండే తెలుగువాళ్లకు బాగా తెలిసిన, కాళేశ్వరం వైపు వెళ్లే గోదావరి వంతెననే తీసుకోండి. బండ్లు లేని వేకువ వేళ సరిగ్గా మధ్య నుంచి కెమెరాలో చూస్తే వంతెన అంచులు, రోడ్డు గీతలు అన్నీ దూరాన ఒకే బిందువులో కలుస్తాయి. ఆ బిందువు దగ్గర నిలబెట్టిన మనిషి చీమంత కనిపించినా మన కళ్లు అతన్నే పట్టుకుంటాయి. కెమెరా ఒక్క అడుగు పక్కకు జరిగినా ఆ పట్టు సడలుతుంది, ఎంత సున్నితమో చూడండి!

ఇలా రెండు వైపులా ఒకేలా ఉండటాన్నే సౌష్ఠవం అంటారు. సౌష్ఠవం అంటే అందం, ప్రశాంతత మాత్రమే అనుకోవడం పొరపాటు. మరీ కుదురుగా ఉన్న దృశ్యం ఎవరో కావాలని అమర్చినట్టు అనిపించి భయాన్నీ పుట్టిస్తుంది. పొడవాటి ఖాళీ వరండాను నడిమధ్య నుంచి చూపినప్పుడు గుబులు కలిగేది అందుకే.